మెట్లకింది గదికై చెప్పులు చేసిన సంగ్రామము

వినుడు, కొనుటకు వచ్చి బేరమాడి కొనకపోవు ధీరులారా. వినుడు, తిన్నగా ఇంటికి పోవలసియుండియు నాలుగు బుర్రలు కనబడినచోట ఆగు బాటసారులారా. వినకున్నను విన్నట్లు తలయూపుటలో ఆరితేరిన సంసారులారా, మీరు మరింత శ్రద్ధగా వినుడు. నాలుగు వీథులు నాలుగు దిక్కులనుండి వచ్చి, ఎవరు ముందు పోవలయునో తేలక ఒకదానినొకటి చూచుకొనుచు అక్కడనే కూలబడిన ఆ చిన్న నగరపు నడిబజారున, షట్టర్ల సింహగర్జనలతో, చీపుళ్ళు రేపిన ధూళిధ్వజములతో, పాలక్యానుల భేరీభాంకారములతో తెల్లవారుచుండగా, తూర్పున నల్లమబ్బులు గుంపుగట్టి వానాకాలపు సామాను దింపుకొనుచున్న ఆ వేళ, పాతమార్కెట్టు వరండా అంచున, తొక్కుడుమిషను రథమునెక్కి, సూదియే శరముగ, దారమే నారిగ, కత్తెరయే కరవాలముగ, కంఠమున టేపు విజయమాలికగ వ్రేలాడుచుండ, ప్రచండసూచీముఖసంచారధురంధరుడు, జేబురుమాలు మొదలు జంపఖానాదాక అంచులు కుట్టి అంచెలంచెలుగా ఎదిగిన వీరుడు, బజారు టైలరు, ఒకానొక పైజామాకు నాడా ఎక్కించుచుండెను.

"విన్నారా, మార్కెట్టు గుమాస్తా ఈవేళ మెట్ల కింద గదిస్తాడట. ముందొచ్చినవాళ్ళకేనట" అని కెటిలుతో పోవుచు టీకొట్టు పిన్ని పలికెను.

ఆ వాక్యము, తైలము లేని టైలరు మిషను కీచుధ్వనిలో పడి నలిగి, వీరుని చెవి చేరునప్పటికి ఒక దకారమును అదనముగ తగిలించుకొని చేరెను. మెట్ల కింద గద్దిస్తాడట. అందును ముందు వచ్చినవారికేనట. టైలరు గుండె వదులు గుండీవలె ఊడి జారెను. కుట్టిన చొక్కాలను మార్కెట్టు కిటికీ ఊచలకు వ్రేలాడదీసిన పాపము ఆయనను చిరకాలముగ వెంటాడుచున్నది. ఆయన దానిని ప్రక్కనున్న తాళాలాయన చెవిలో ఊదెను. తాళాలాయన ఊరందరికి తాళములు చేయునుగాని నోటికి చేసికొనలేదు. రెప్పపాటులో వార్త వరండా ఆ కొస ముట్టెను. దువ్వెనల వ్యాపారి దుప్పటి మూటగట్టెను. ప్లాస్టిక్కు బకెట్ల పర్వతమొకటి కాళ్ళు మొలచినట్లు సందులోనికి నడచిపోయెను.

అప్పుడు ప్రక్కనే కాజాలు కుట్టుచున్న ఇల్లాలు దారమును పంటితో తెంపి పలికెను.

"గద్దించడం కాదు మహానుభావా, గది ఇవ్వడం. మెట్ల కింద ఖాళీగా ఉంది చూడండి, ఆ గది. గద్దించడానికి గుమాస్తా ఎందుకూ, నేను లేనూ."

"గదా? మన గదా?"

"మనదో కాదో మీ కాళ్ళని బట్టి ఉంటుంది. ముందొచ్చి అడిగినవాళ్ళకే ఇస్తాడట. నేను ముందే చెప్తున్నాను, ఈ వానాకాలం కూడా మిషను మీద పట్టా పట్టుకుని నిలబడే ఓపిక నాకు లేదు. ఈ గది దొరికిందా, సరే. దొరకలేదా, మిషను అమ్మేసి మా అన్నయ్య రెడీమేడు షాపుకి పోదాం. చొక్కాలు మడతపెట్టే మనిషి కావాలంటున్నాడు."

రెడీమేడు. ఆ మాట ములుకువలె వచ్చి గ్రుచ్చుకొనెను. నిజమే, వాన వచ్చినప్పుడెల్ల వరండాలోనికి జల్లు ఏటవాలుగ దూకును. నిరుటి వానకు ఎర్ర లైనింగుగుడ్డ తడిసి, రంగు దిగి, ఉద్యోగపు ఇంటర్వ్యూకు పోవలసిన ఒక పెద్దమనిషి తెల్లచొక్కా గులాబీవర్ణమైనది. అంతమాత్రమున, ఎవరి ఒంటికొరకో ఎవరికిని తెలియని చొక్కాలను, మెడ కొలవకుండ, భుజము తడమకుండ, "కాస్త వదులుగా పెట్టు నాయనా" అను మాట వినకుండ, మడతపెట్టుచు మిగిలిన బ్రతుకు గడుపుటయా? అదియును బావమరది దుకాణమున? టైలరు లేచెను. లేచుటలో పైజామాయు లేచెను. నాడా ఇంకను ఆయన చేతిలోనే యుండెను.

ఇచ్చట ఆ బజారు ధర్మశాస్త్రము కొంచెము చెప్పవలెను. చెప్పులను గూర్చినది గనుక చెప్పకతప్పదు. ఆ నడిబజారున క్యూలలో మనుష్యులు నిలువరు. వారి చెప్పులు నిలుచును. ఒక చెప్పును వరుసలో విడిచి, రెండవదానితో కుంటుచు పోయి, టీ త్రాగవచ్చును, గడ్డము గీయించుకొనవచ్చును, అప్పుడే పరిచయమైనవారితో తగవులాడి రాజీపడి రావచ్చును. చెప్పున్నచో మనిషి ఉన్నట్లే. ఒకరి చెప్పును ఇంకొకరు చేత ముట్టరాదు, కాల త్రోయరాదు. తలుపు తెరచునప్పుడు మాత్రము చెప్పులో కాలుండవలెను. కాలు లేని చెప్పు కాలగర్భమున కలియును. ఇదియే శాసనము. దీనిని ఎవరు వ్రాసిరో ఎవరికిని తెలియదు, బహుశః నిలబడలేనివారెవరో.

టైలరు పైజామాను మిషనుపై పడవైచి, మార్కెట్టు వెనుకనున్న మెట్లకడకు పరుగున పోయి, మలుపు తిరిగి, స్థాణువయ్యెను. మూసియున్న షట్టరు ముందు అప్పటికే పాదరక్షాసైన్యము మోహరించియుండెను.

అన్నిటికి ముందు, గుండ్రని ముక్కుతో, తళతళమను దేహముతో, సేనానివలె నిటారుగ నిలిచిన నల్లని బూటు. దాని వెనుక, నడుము సన్నని మడమ పొడవైన ఎర్రని చెప్పు, ఎవరినో కాదని వెనుదిరిగిన సుందరివలె ఒకింత ప్రక్కకు వాలి. దాని వెనుక, ఏ మాస్టారినో మోసి మోసి అరిగి, మోయుట మాని తానే పాఠము చెప్పుటకు సిద్ధముగ నున్న తోలుచెప్పు. దాని వెనుక ఒక బడిపిల్ల బూటు, నోరు కొంచెము తెరచి. ఆ వెనుక, అయ్యో, ఆ వెనుక, తెగిన పట్టీకి గొడుగుకమ్మీ ముక్కను సూదిగా గ్రుచ్చిన ఒక నల్లచెప్పు.

గొడుగుకమ్మీతో చెప్పు కుట్టుకొను ప్రాణి ఆ నగరమున ఒకడే. గడియారస్తంభము క్రింద గొడుగులు బాగుచేయు ఛత్రాధిపతి. ఆయన పరాయివాడైన బాధ లేకపోవును. టైలరు కుమార్తె అత్తవారింటి పెద్ద, సాక్షాత్తు వియ్యంకుడు.

"పెళ్ళినాడు సున్నిపిండి తక్కువైందని అలిగినప్పుడే అనుకున్నాను" అని గొణుగుకొని, టైలరు తన ఎడమచెప్పును విప్పి, రెండు చేతులనెత్తి, దానితో ఇట్లు పలికెను:

"ఓ వామపాదరక్షామణీ! ఎండల కాగి, బురదల మునిగి, మిషను తొక్కి తొక్కి నా పాదముద్రనే నీ ముఖముగా ధరించిన దానా! నేడు నీవు నేను, నేను నీవు. ముందున్న బూటును చూచి బెదరకుము, అది మెరయునుగాని మెదలదు. ఎర్రమడమను చూచి చెదరకుము, అది ఎత్తయినదిగాని స్థిరము కాదు. నా మిషను తడియునో ఆరునో, నా చేతిలో సూది నిలుచునో మడత నిలుచునో, అంతయు నీ పట్టుపై ఆధారపడియున్నది. పొమ్ము, నిలువుము."

అని కమ్మీచెప్పు వెనుక దానిని నిలిపి, ఒంటికాలిపై నిలిచెను.

నడిబజారున ఒక వరుస పుట్టినచో అది ఊరక పెరుగును. కూరగాయల సంచితో వచ్చిన ఒక పెద్దావిడ నిలిచి చూచెను.

"ఏమిస్తున్నారు బాబూ?"

ఆమెకు నిజము చెప్పినచో పోటీ పెరుగును. "తెలీదమ్మా" అని టైలరు యుద్ధనీతి పాటించెను.

"నీకు తెలీకుండానే ఒంటికాలి మీద నిలబడ్డావంటే గొప్పదే అయ్యుండాలి" అని ఆమె చెప్పు విడిచెను.

ఆమె వెనుక ఫొటోస్టూడియో బాబాయి, ఆయన వెనుక తాళాలాయన, ఆయన వెనుక బకెట్ల పర్వతము. ఒకరు కొత్త కుళాయిలన్నారు. ఒకరు పాత బాకీల మాఫీ అన్నారు.

"తెలుసుకుని నిలబడితే మంచిది కదా" అని ఒకడు.

"తెలుసుకునేలోపు అయిపోతే?" అని ఇంకొకడు.

"పోయినసారి ఇలాగే తెలీకుండా నిలబడ్డాను. టీకా పొడిచారు."

"నొప్పి పుట్టిందా?"

"పుట్టింది. కానీ ముందు వరసలో పుట్టింది."

వరుస మలుపు తిరిగి వీథిలోనికి తోక చాచెను. అంతలో, భుజమున బారెడు నల్లగొడుగును గదవలె మోపి, ఒంటిచెప్పుతో టపటపమనుచు ఛత్రాధిపతి వేంచేసెను.

"ఏం బావగారూ, పొద్దున్నే తపస్సా? వరం మెట్ల కిందనుంచి వస్తుందా, పైనుంచా?"

"తమరికి ముందే తెలుసుగా బావగారూ, ఎక్కడినుంచి వస్తుందో. చెప్పు కూడా పంపారు."

"అదే, నేను చెప్పేదేమిటంటే..."

"మీరు చెప్పక్కర్లేదు. మీ చెప్పే చెబుతోంది."

"పూర్తిగా వినండి మరి."

"ఏం వినాలి? వానొస్తే మీకు పండగ, నాకు దండగ. గొడుగులాయనకి గదెందుకండీ? గొడుగే గది."

ఛత్రాధిపతి మీసము అదరెను. అది కోపమో నవ్వో మీసమునకే తెలియవలె. "గొడుగుకి గోడలుండవు కదా బావగారూ" అని మాత్రము అనెను.

ఆ మాట నిప్పునకు నేయి అయ్యెను. తుపానుకు పూర్వము సముద్రము వెనుకకు తగ్గినట్లు టైలరు ఒక అడుగు వెనుకకు తగ్గి, ముందు బూటును, ఎర్రమడమను, మాస్టారిచెప్పును, పిల్లబూటును చూచెను. వాని యజమానులెవరును కానరారు. తలుపు తెరచునప్పటికి వారు రాకున్నచో ప్రథమస్థానము ఎవరిది? కమ్మీచెప్పుది. ఆ కమ్మీచెప్పు ఒక్కటి తొలగినచో? చేత ముట్టరాదని శాసనము. కాల త్రోయరాదని శాసనము. టేపును గూర్చి శాసనము మూగ.

ఆలోచన పుట్టుటయే తడవుగ, కంఠమునుండి టేపును దూసి, పాశమువలె త్రిప్పి, వేలమంది కొలతలు తీసిన చేతినైపుణ్యమంతయు మణికట్టునకు దెచ్చి విసరెను. టేపు పోయి కమ్మీచెప్పు మెడకు చుట్టుకొనెను. టైలరు లాగెను. చెప్పు జేనెడు జరిగెను.

"బావగారూ, ఇది అన్యాయం" అని ఛత్రాధిపతి గొడుగును సర్రున దించి, మొనతో తన చెప్పును నేలకు అదిమెను. "గొడుగు కూడా చెయ్యి కాదు, కాలు కాదు."

ఓహో, ఆ ద్వంద్వయుద్ధమును ఏమని వర్ణింతును! ఈ దెస లాగుట, ఆ దెస అదుముట; ఈ దెస అంగుళములు, ఆ దెస కమ్మీలు; మధ్య ఆ చెప్పు, పెద్దల తగవున పడిన పెళ్ళిసంబంధమువలె సాగుచు, మూలుగుచు. టేపు పటపటమనెను. గొడుగు ఒకపరి తనంత తానే విచ్చుకొని ఫొటోస్టూడియో బాబాయిని వెనుకకు నెట్టెను. వరుస రెండుగ చీలెను.

"టైలరుదే న్యాయం, కొలతలు తెలిసినవాడు" అని సంచి పెద్దావిడ.

"గొడుగాయనదే ముందు చెప్పు" అని తాళాలాయన.

"ముందు ఏమిస్తున్నారో తేల్చండయ్యా" అని వెనుకనుండి ఎవరో.

"ముందు ఎవరికిస్తారో తేలితే, ఏమిస్తారో అదే తేలుతుంది" అని వారికి సమాధానము.

టైలరు రొప్పుచు, మహోపన్యాసమున కుపక్రమించెను. "ఓయి ఛత్రధ్వజా! నా కూతును నీ ఇంటికిచ్చితిని, కాదనను. నా చేతి కుట్టులతో నీ కొడుకు పెండ్లికోటు కుట్టి, కొలత తప్పినచో కోటు తప్పని, కొడుకుది కాదని ఒప్పుకొంటిని. కాని ఈ గది, బావా, ఈ గది నా మిషనుకు గూడు. ఇది లేకున్న నేను మడతల మనిషినగుదును. నా ఇల్లాలి అన్న ముందు నిలిచి, ఎమ్ సైజు, ఎల్ సైజు అని అక్షరాభ్యాసము చేయవలసి వచ్చును. ఇదిగో, చచ్చినను టేపు విడువను."

ఛత్రాధిపతి ఏదో చెప్పబోయెను. అంతలో ఆకాశము గద్దించెను. ఈసారి చెవి పొరపాటు కాదు, నిజముగనే గద్దించెను. ఆ వెంటనే, పిడికెడు శనగలు విసరినట్లు చినుకులు పడెను.

ఛత్రాధిపతి అలవాటుగ గొడుగు విప్పెను. టైలరు అలవాటుగ దాని క్రింద దూరెను. టేపు కొస ఇంకను ఈయన చేతనే యున్నది. చెప్పు ఇంకను ఆయన కాలిబొటనవ్రేలి క్రిందనే యున్నది. అయినను ఇద్దరు శత్రువులును భుజము భుజము ఆనించి, ఒకే గొడుగు నీడన, ఎదుటివానిని చూడకుండ యుద్ధము కొనసాగించిరి.

"కాస్త ఇటు వంచండి, భుజం తడుస్తోంది."

"మీరు కాస్త టేపు వదలండి, చెప్పు తెగుతోంది."

"వదలను. వంచండి."

ఆయన వంచెను. ఆ మలుపున, జల్లును చీల్చుకొని ఇల్లాలు ప్రత్యక్షమయ్యెను. మిషనును ఒంటరిగ ఈడ్చుకొని, దానిపై నున్న పైజామాతో సహా పట్టా కప్పి, ఆ పట్టాపై తన కొంగు కప్పి. మిషనును మెట్లకు ఆనించి, నుదుటి నీళ్ళు తుడిచికొని, షట్టరు వంక చూచెను, మొగుని ఒంటికాలి వంక చూచెను. ఆ చూపులో అన్నయ్య దుకాణపు బోర్డు స్పష్టముగ చదువవచ్చును.

అప్పుడు, "నా చెప్పులు, నా చెప్పులు, తడిసిపోతున్నాయి" అని అరచుచు, తట్ట నొకదానిని తలపై పెట్టుకొని, చెప్పులు బాగుచేయు తాత రోడ్డవతలనుండి పరుగెత్తుకొని వచ్చెను. వచ్చి, బూటును తీసి తట్టలో వేసెను. ఎర్రమడమను వేసెను. మాస్టారిచెప్పును వేసెను.

జనము హాహాకారము చేసెను. ధర్మశాస్త్రము పట్టపగలు కూలుచుండెను.

"ముట్టుకోకు తాతా, అవి క్యూలో ఉన్నాయి" అని తాళాలాయన.

"ఏ క్యూ?"

"ఈ క్యూ."

తాత పిల్లబూటును చేతబట్టి, వీథిమలుపుదాక పోయిన వరుసను చూచి, నోరు తెరచెను. "ఇవి ఎక్కడా నిలబడలేదయ్యా. జిగురు ఆరడానికి పెట్టాను. ఈ షట్టరు ముందు పొద్దున ఎండ బాగా తగులుతుంది, రోజూ ఇక్కడే పెడతాను. ఇవాళ ఎండ రాలేదు, వాన వచ్చింది."

"మరి అన్నీ ఒంటివే ఎందుకున్నాయి?"

"తెగిన చెప్పే కదా ఇస్తారు బాబూ. తెగనిది నాకెందుకు?"

వాన జోరందుకొనెను. అంత, గొడుగు పట్టుకొని, తాళముల గుత్తి గలగలలాడించుచు మార్కెట్టు గుమాస్తా వచ్చెను. షట్టరును ఎత్తెను. గది కనబడెను. మెట్ల క్రింద పుట్టినది గనుక, ఒక ప్రక్క మనిషెత్తు, వేరొక ప్రక్క పిల్లియెత్తు. మిషను పట్టును, మనిషి పట్టును, మనిషి లేచినచో తల పట్టదు.

"మెట్ల కింద గది ఎవరికి కావాలి?" అని గుమాస్తా అడిగెను. "ముందెవరున్నారు?"

జనమంతయు వరుస మొదలు చూచిరి. తాత చెప్పులు తట్టలో నున్నవి. మొదట నిలిచినది కమ్మీచెప్పు. దానిలో కాలు లేదు. టైలరు చేతినుండి టేపు జారెను. ఇల్లాలు మిషనుపై పట్టాను మరికొంచెము బిగించెను.

"ఆ చెప్పు ఎవరిది?" అని గుమాస్తా.

"మా బావగారిది" అని ఛత్రాధిపతి పలికెను.

టైలరు ఉలిక్కిపడెను. "నాదా?"

"మీదే. కాలు పెట్టండి. త్వరగా పెట్టండి, ఆయన చూస్తున్నాడు."

"అది మీ చెప్పు కదండీ."

"చెప్పు నాది, చోటు మీది. మీ అమ్మాయి నిన్న రాత్రే చెప్పింది. నాన్నకి చెబితే ఒక్క గుండీ, ఒక్క గుండీ అంటూ మధ్యాహ్నానికి దిగుతాడు మామయ్యా, మీరే వెళ్ళి ఓ చెప్పు పడెయ్యండి అంది. తెల్లారకముందే వచ్చాను. అప్పటికే ఇక్కడ చెప్పులున్నాయి, వెనకాల పెట్టాను. చెబుదామని వస్తే తమరు వినిపించుకుంటేనా? టేపు తీశారు. అంత కష్టపడి యుద్ధానికొచ్చిన వియ్యంకుణ్ణి ఒట్టి చేతులతో ఎలా పంపను?"

"చోటు నాకోసమే అయితే ఆ గొడుగు ఎందుకు దించారు?"

"చోటు పోతుందని. మీ చోటు మీరే లాగేసుకుంటుంటే చూస్తూ ఊరుకోమంటారా?"

"అన్నయ్యగారూ, మీరు చెప్పింది చాల్లెండి" అని ఇల్లాలు, ఏడ్పో నవ్వో తెలియని గొంతుతో. "ఏవండీ, కాలు."

టైలరు తన ఎడమపాదమును వియ్యంకుని చెప్పులో పెట్టెను. అది రెండు అంగుళములు పెద్దది. కొలతలు తెలిసినవాడు గనుక ఆ సంగతి వెంటనే గ్రహించెను. అయినను దిద్దమని అడుగలేదు. గుమాస్తా తాళము నిచ్చెను. ఛత్రాధిపతియు ఇల్లాలును చెరియొక కొస పట్టి మిషనును లోనికి జరిపిరి. టైలరు వెనుక ప్రవేశించి, తల మెట్టుకు తాకి, "అబ్బ" అని గృహప్రవేశము చేసెను.

బయట వరుస కదలలేదు. విషయము ముందున్న నలుగురికి తెలిసినదిగాని, మలుపు అవతల తోకకు తెలియదు. గుమాస్తా మెట్లెక్కి, గొంతెత్తి, తాత చెప్పుల సంగతి, జిగురు సంగతి, ఎండ సంగతి, వియ్యంకుల సంగతి, గది ఒకటేనని, అదియు అయిపోయినదని, ఇచ్చట ఇచ్చునది వేరేమియు లేదని మొదటినుండి చెప్పనారంభించెను. అప్పుడే వచ్చిన ఒకడు తోకకడ చెప్పు విడిచి, ముందువానిని గిల్లెను.

"ఏమిస్తున్నారు?"

"వివరణ ఇస్తున్నారు."

"మనిషికి ఒకటేనా?"

"ఒకటే. కానీ అందరికీ ఇస్తారట. నిలబడు."

అందరికిని అందెను. తోకదాక అందెను. అందుకొన్నవారు అందుకొన్నట్లు తమ తడిచెప్పులలో కాళ్ళు దూర్చి చెదరిపోయిరి. బజారు ప్రజలారా, చాటుడు. తడిసినవారు మరింత గట్టిగా చాటుడు: నాటి మహాసంగ్రామమున ఒక టేపు సాగెను, ఒక గొడుగు వంగెను, ఒక వీరుని తల బొప్పికట్టెను, వాన మధ్యాహ్నముదాక కురిసెను. ఆ పైజామాపై ఒక్క చుక్కయు పడలేదు.